చేప దవడలో భీమవరం డాక్టరుగారు

పిల్లలూ! రంగుచేపలు అమ్మే దుకాణానికి వెళ్తే జీబ్రా చేప అని ఒకటి కనబడుతుంది. పొడవు మీ చిటికెన వేలంత. ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలం చారలు. మీలో కొందరి ఇళ్ళలో గాజుతొట్టెలోనూ ఉండే ఉంటుంది. పేరు చూసి ఇది పరదేశపు చేప అనుకోకండి. గంగా, బ్రహ్మపుత్రా నదుల వాగుల్లో, వరిమళ్ళ నీళ్ళలో తిరిగే మన చేప. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద అచ్చువేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు.

ఈ చిన్న చేపకు ఒక పెద్ద విద్య తెలుసు. కింది దవడ ఎముకలో ఒక ముక్క పోతే, కొన్ని వారాల్లో ఆ ఖాళీని మళ్ళీ ఎముకతో నింపుకుంటుంది. మనకు ఆ విద్య లేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, దవడలో పెద్ద ముక్కే పోతే అది దానంతటది తిరిగి రాదు. ప్రమాదంలోనో, క్యాన్సర్ ఆపరేషన్‌లోనో దవడ పోగొట్టుకున్నవారికి డాక్టర్లు చాలాసార్లు కాలి ఎముక నుంచి ముక్క తీసి అమర్చవలసి వస్తుంది. అందుకే ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు ఈ చేప దగ్గర పాఠం నేర్చుకుంటున్నారు. మన ఢిల్లీలోనే, మథుర రోడ్డులో ఉన్న ఐజీఐబీ అనే సీఎస్ఐఆర్ సంస్థలో జీబ్రా చేపలను పెంచి పరిశోధిస్తారు. సహజ వాతావరణంలో పెరిగే జీబ్రా చేప జన్యుక్రమాన్ని 2009లో ఆ సంస్థ వెల్లడించింది.

దవడ తిరిగి పెరగాలంటే అక్కడున్న ప్రతి కణానికీ కబురు అందాలి. కబురు అందాక దాన్ని అమలు చేసే సరుకు కణంలో ఉండాలి. ఈ రెండో మాట దగ్గర మన తెలుగువాడి పేరు వస్తుంది. ఆయన ఏనాడూ చేపల మీద పనిచేయలేదు. కాని ఆయన కనిపెట్టినవి లేకుండా చేప దవడే కాదు, మన వేలి మీద చిన్న గాయం కూడా ఎలా మానుతుందో చెప్పలేం. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంచికలో మేము ఆయన జీవితం చెప్పదలచుకున్నాం.

కాశీకి బయలుదేరిన కుర్రవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. అది నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆ ఉద్యోగం ఎక్కువ కాలం సాగలేదు. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే.

పదమూడేళ్ళ వయసులో ఈ కుర్రవాడికి ఒక ఆలోచన వచ్చింది. కాశీకి పోతే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి బోలెడు సంపాదించవచ్చని. ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. దారిలోనే దొరికిపోయాడు. వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది.

బడిలో కూర్చున్నంత మాత్రాన చదువు వచ్చేయలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు. తర్వాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. అక్కడ మనసు రామకృష్ణ మఠం వైపు తిరిగింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠం పెద్దలు వైద్యం చదివి జనానికి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు వైద్య కళాశాలకు దారి పడింది. ఖర్చులకు స్నేహితులూ, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ ఆదుకున్నారు. 1919లో సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి శేషగిరితో పెళ్ళి జరిగింది.

ఖద్దరు తెచ్చిన చిక్కు

అవి గాంధీగారు విదేశీ వస్త్రాలను విడిచిపెట్టమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు కోటు తొడుక్కుని వెళ్ళారు. శస్త్రచికిత్స చెప్పే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరకు చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్.ఎం.ఎస్. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఇంటి మీద ఇంకో దెబ్బ పడింది. స్ప్రూ అనే జబ్బు ఉంది. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. మనిషి రక్తం తగ్గి, చిక్కి శల్యమైపోతాడు. ఆ జబ్బుతో సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తాను బతికాడు, సోదరులు బతకలేదు. ఎందుకు? ఆ జబ్బుకు అసలు మందు ఏది? ఈ ప్రశ్న ఆయన్ను వదల్లేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు ఇచ్చిన సాయంతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవడానికి. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. కొన్నేళ్ళలో తిరిగి వస్తానన్న మనిషి మళ్ళీ రాలేదు. కళ్ళు తెరవని వయసులోనే పోయిన కొడుకును ఆయన చూడనే లేదు.

గాజుగొట్టంలో నీలిరంగు

హార్వర్డ్‌లో చదువుకు సీటుంది గాని పొట్టకు కూడులేదు. సుబ్బారావు గారు ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు చదువు. డిప్లమా చేతికి వచ్చాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర చేరారు.

అక్కడ ఆయనకు దొరికిన పని చూడడానికి చాలా చిన్నది. రక్తంలో భాస్వరం, అంటే ఫాస్ఫరస్, ఎంతుందో కొలవడం. అప్పటిదాకా ఉన్న పద్ధతులు ఆలస్యమైనవి, నమ్మకం తక్కువవి. మన ఒంట్లో ఉండే భాస్వరంలో దాదాపు 85 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మిగిలిన కొద్దిపాటిదే కణాల్లోనూ రక్తంలోనూ తిరుగుతుంది. ఆ కొద్దిపాటిదాన్ని పట్టుకోవాలి.

పద్ధతి ఇలా తయారైంది. రక్తంలోంచి ప్రోటీనులను వేరుచేయాలి. మిగిలిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలపాలి. ఆ తర్వాత ఇంకో రసాయనం చేర్చితే ద్రవం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవంతో ఆ రంగును పోల్చి లెక్క కడతారు. 1925లో వెలువడిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని తర్వాత ఎన్నో తరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేర్చుకున్నారు.

మంచి కొలబద్ద చేతికి వస్తే కనబడనివి కనబడతాయి. కండరంలోని భాస్వరాన్ని కొలుస్తుంటే నీలిరంగు వారు అనుకున్నట్టు రాలేదు, నెమ్మదిగా ముదురుతూ పోయింది. అంటే ఎవరికీ తెలియని ఒక పదార్థం అక్కడ విడిపోతూ భాస్వరాన్ని వదులుతోంది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. 1929లో ఇంకా పెద్దది దొరికింది. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. మీ సైన్సు పుస్తకంలో ఏటీపీ అని ఉంటుంది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు.

అప్పటికి లోకం నమ్మింది వేరు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందనే సిద్ధాంతం మీద పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా దక్కింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వచ్చాక ఆ సిద్ధాంతం నిలవలేదు. మనం పరుగెత్తినా, రెప్ప వేసినా ఖర్చయ్యేది ఏటీపీ.

కణానికి కబురు ఎలా అందుతుంది?

ఇప్పుడు చేప దగ్గరికి వెళ్దాం. మీ ఇంట్లో అందరికీ తెలిసిన ఒక పోలిక చెబుతాం. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఆ కాగితం సామాను మోయదు. రైలు ఎక్కదు. ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోతుంది. ఒకచోట సంతకం, ఒకచోట ముద్ర. ముద్ర పడిందా లేదా అన్నదాన్ని బట్టి పని జరుగుతుంది, లేదా ఆగుతుంది. చివరకు ఇంట్లో పెట్టెలు సర్దడం మొదలవుతుంది.

కణాల లోకంలో ఇలాంటి ఉత్తర్వులు ప్రోటీనుల రూపంలో ఉంటాయి. వాటిలో ఒక కుటుంబం పేరు హెడ్జ్‌హాగ్. ఒళ్ళంతా ముళ్ళుండే ఒక చిన్న జంతువు పేరది. ఈ జన్యువు చెడిపోయిన పండు ఈగ పిల్లపురుగు కూడా ముళ్ళతో కనబడిందని శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇలాంటి జన్యువులు దొరికినప్పుడు ఒకదానికి ఇండియన్ హెడ్జ్‌హాగ్ అని పేరుపెట్టారు. ఎముకల పెరుగుదలను నడిపే కబురు అది.

2016లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు జీబ్రా చేప దవడ గురించి ఒక సంగతి ప్రకటించారు. చేప పిల్లగా ఉన్నప్పుడు ఆ దవడ ఎముక నేరుగా ఎముకగానే ఏర్పడుతుంది. కాని పెద్దయ్యాక ముక్క పోతే, ఖాళీలో మొదట మృదులాస్థి పుడుతుంది. మీ చెవి తాకి చూడండి, మెత్తగా వంగుతుందే, ఆ జాతిది. ఆ మృదులాస్థి కణాలు మామూలువి కావు. చూడడానికి మృదులాస్థి, పనిలో సగం ఎముక. అవే ఎముకను పరుస్తాయి. ఇండియన్ హెడ్జ్‌హాగ్ కబురు పంపే జన్యువు లేని చేపల్లో ఆ మృదులాస్థి పుట్టలేదు, ఎముక సరిగా నిండలేదు. అన్ని కణాలూ అక్కడే ఉన్నాయి. అందనిది కబురు ఒక్కటే.

కబురు అందితే లోపల ఏం జరుగుతుంది? కణంలో గ్లి అనే ప్రోటీను ఉంటుంది. బయటి నుంచి కబురు లేనప్పుడు కొన్ని ఎంజైములు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి గ్లి మీద ముద్రలా అంటిస్తాయి. ముద్రలు పడిన గ్లి తెగుతుంది. తెగిన తునక వెళ్ళి కొన్ని జన్యువులకు తలుపు మూస్తుంది. హెడ్జ్‌హాగ్ కబురు రాగానే ఆ ముద్రలు వేయడం తగ్గిపోతుంది. తెగకుండా మిగిలిన గ్లి కణకేంద్రకంలోకి వెళ్ళి అవే జన్యువుల తలుపు తెరుస్తుంది. పని మొదలవుతుంది.

ఒక్క హెడ్జ్‌హాగ్ కథే కాదు. ఆకలి కబురైనా, భయం కబురైనా, గాయం కబురైనా, కణంలో చాలా ఉత్తర్వులు ఫాస్ఫేటు ముద్రలతోనే నడుస్తాయి. ఆ ఫాస్ఫేటును సాధారణంగా ఇచ్చేది ఏటీపీ. బోస్టన్ ప్రయోగశాలలో సుబ్బారావు గారి గాజుగొట్టాన్ని నీలంగా మార్చింది ఆ ఫాస్ఫేటే. తర్వాత దవడ గట్టిపడడానికి పేరుకునే ఖనిజంలోనూ కాల్షియంతో కలిసి ఉండేది ఫాస్ఫేటే. ఉత్తర్వు మీద ముద్రా అదే, గోడలో ఇటుకా అదే.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్ళు

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావు గారికి స్థిరమైన పదవి దక్కలేదు. 1930లో పీహెచ్.డి. వచ్చింది. పత్రాల్లో పేరు రెండోది. పదేళ్ళ తర్వాత, 1940లో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు మారారు. రెండేళ్ళలో అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

పాత ప్రశ్న ఆయనతోనే వచ్చింది. రక్తహీనతను పోగొట్టే ఒక పదార్థం ఈస్టులో, కాలేయంలో ఉందని అప్పటికి తెలుసు. దాని జాడ మొదట పట్టింది మన బొంబాయిలోనే. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరు అక్కడి గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవడం చూసింది. కాని అందులో నయం చేసేది ఏదో తెలియలేదు. సుబ్బారావు గారి బృందం దాన్ని విడదీసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. ఆ మందును తర్వాతి ఏడాదికల్లా స్ప్రూ రోగుల మీద వాడి చూశారు. తగ్గిన రక్తం మళ్ళీ పెరిగింది. సోదరులను మింగిన జబ్బుకు జవాబు దొరికింది. ఆయన ఇల్లు విడిచి 23 ఏళ్ళు దాటిపోయింది.

ఫోలిక్ ఆమ్లానికి మన చేప దవడతో మరో చుట్టరికం ఉంది. దవడలో ఖాళీ నిండాలంటే కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోవాలి. విడిపోయే ముందు కణం తన డీఎన్ఏకు నకలు రాసుకోవాలి. ఆ నకలుకు కావలసిన సరుకు తయారవాలంటే ఫోలిక్ ఆమ్లపు వర్గం విటమిను ఉండాలి. అది లేకపోతే కబురు వచ్చినా కణం కదలలేదు.

మరి కబురు ఆగకపోతే? అదీ ప్రమాదమే. హెడ్జ్‌హాగ్ దారిలో లోపం వచ్చి, పెరగమనే ఉత్తర్వు ఆగకుండా నడిస్తే ఒక రకం చర్మ క్యాన్సర్ పుడుతుంది. దవడ నిండగానే ఆగడం కూడా చేపకు తెలిసిన విద్యలో సగం. సుబ్బారావు గారి ప్రయోగశాల ఈ రెండో సగం వైపూ చూసింది. ఫోలిక్ ఆమ్లంలా కనబడి, దాని చోటు ఆక్రమించి, దాని పని జరగనివ్వని పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు ఏ మందూ లేదు. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

ఆయన నాయకత్వంలోనే బోదకాలు జబ్బుకు హెట్రజాన్ వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంతమంది బతుకులను ఈడ్చిందో మీ తాతమ్మలను అడిగితే చెబుతారు. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఆయన విభాగంలోనే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశాడు. టెట్రాసైక్లిన్ వర్గం మందుల్లో మొదటిది అదే.

ఇంటికి చేరని మనిషి

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఆయన దాన్ని కళ్ళతో చూడలేదు. వెంకమ్మ గారి దగ్గరికి, శేషగిరి గారి దగ్గరికి తిరిగి రాలేదు. నోబెల్ రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరుతో సుబ్బరోమైసిస్ అని పెట్టారు. శతజయంతి సంవత్సరం 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన ఇంత గొప్పవాడైనా ఆయన పేరు ఎందుకు వినబడదని తరగతిలో పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. మాకు తోచిన సమాధానం ఇది. ఆయన తన వంతు చెప్పుకోలేదు. ఫలితాలను ప్రకటించేటప్పుడు బృందంలోని వారిని ముందు నిలబెట్టేవారు. మరణించాక ఆయన కోసం మాట్లాడడానికి ఆ దేశంలో ఇంటివాళ్ళు లేరు. పని మాత్రం ఆగలేదు. ఏటీపీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. మందులు ప్రతి ఊళ్ళో ఉన్నాయి.

మీలో చాలామందికి సొంత ఊరు అంటే సెలవులకు వెళ్ళే ఊరు. నిరుడు ఒక రాష్ట్రం, ఈ ఏడు నోయిడానో గురుగ్రామో, వచ్చే ఏడు ఇంకెక్కడో. కొత్త బడిలో మీరెవరో ఎవరికీ తెలియని మొదటి వారం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. సుబ్బారావు గారికి అలాంటి వారం పాతికేళ్ళు నడిచింది. రెండుసార్లు తప్పిన పరీక్ష, తక్కువ పట్టా, రాత్రి ఆసుపత్రిలో కడిగిన పాత్రలు, దక్కని పదవి, ఇవన్నీ ఉండగానే ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న ప్రశ్నను వదలకుండా పట్టుకున్నారు. ఆ పట్టుదలే ఆయనకు ఊరు.

ప్రభుత్వ బడుల్లో పెద్ద తరగతుల పిల్లలకు వారానికి ఒకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్ర ఇస్తారు. నీలిరంగు మాత్ర. చాలామంది మొహం చిట్లించి మింగుతారు, కొందరు జేబులో దాచేస్తారు. ఈసారి దాన్ని దాచకండి. భోజనం చేశాక మంచినీళ్ళతో మింగండి. అందులో భీమవరం నుంచి బయలుదేరిన ఒక మనిషి తన ఇద్దరు తోబుట్టువుల కోసం వెతికి తెచ్చిన మందు ఉంది.